విద్యుత్ కారు: గడచిన కాలము, రాబోవు కాలము

(గ్రంథాలయ రజతోత్సవ సభయందు చదువబడిన ఉపన్యాసము)



ఇటీవల ఊరి బజారులో చప్పుడు లేని ఆటోలు తిరుగుచున్నవి. వెనుకనుండి వచ్చినను వచ్చినట్లు తెలియదు. పొగ లేదు, పెట్రోలు వాసన లేదు, రాత్రి యింటిముందు తీగ తగిలించి విడిచినచో తెల్లవారునప్పటికి ప్రయాణమునకు సిద్ధముగా నుండును. చూచినవారందరును “కాలము మారినది, కొత్త బండి వచ్చినది” అని యనుకొనుచున్నారు. కాలము మారిన మాట నిజమే గాని, బండి మాత్రము కొత్తది కాదు. విద్యుత్ బండి పెట్రోలు బండికి అన్నగారు. తమ్ముడు పుట్టకముందే వీథికెక్కినది; ఒకప్పుడు తమ్మునికంటె ఎక్కువ మన్నన పొందినది; పిమ్మట జూదములో ఓడిన పాండవులవలె రాజ్యము విడిచి అరణ్యమునకు పోయినది. పాండవులకు పదుమూడేండ్లు చాలినవి. దీనికి నూరేండ్లకు దగ్గరగా పట్టినది. ఏల పోయినది? ఏల తిరిగి వచ్చినది? ఈమారు నిలుచునా? ఈ మూడు ప్రశ్నలే నేటి ఉపన్యాసమునకు విషయము. వీనికి సమాధానము వెదకినచో, ఒక యంత్రముయొక్క కథయే గాక, పల్లెటూరి కథ కూడ అందులో నిమిడి యున్నదని తేలును.

విద్యుత్తుచే చక్రమును త్రిప్పవచ్చునను ఆలోచనకు మూలము ఇంగ్లండు దేశీయుడగు మైకేల్ ఫారడే. విద్యుత్తు ప్రవహించు తీగ అయస్కాంతము చుట్టును తిరుగునని 1821లో ఆయన చూపెను. ఆ సూత్రమును పట్టుకొని బండి నడుపవచ్చునని తలచినవారిలో ఒకడు గొప్ప విద్వాంసుడు కాడు, పల్లెటూరి కమ్మరి. అమెరికాలో వెర్మాంట్ రాష్ట్రమునందలి బ్రాండన్ అను చిన్న ఊరిలో కొలిమి పెట్టుకొని జీవించుచుండిన థామస్ డావెన్‌పోర్ట్ 1834లో విద్యుత్ మోటారును నిర్మించి, గుండ్రని చిన్న పట్టాలపై బొమ్మబండిని నడిపి చూపెను. తీగలకు చుట్టుటకు పట్టుబట్ట కావలసి వచ్చినప్పుడు ఆయన భార్య తన పెండ్లినాటి పట్టువస్త్రమును చించి యిచ్చినదని చెప్పుదురు. 1837లో ఆయనకు పేటెంటు లభించెను గాని ధనము లభింపలేదు. ఆనాటి బ్యాటరీలో తుత్తునాగము కరగిపోవుచుండెను. కరగిన కొలది కొత్తది వేయవలసి యుండెను. బొగ్గుతో నడచు ఆవిరియంత్రముకంటె అది మిక్కిలి ఖరీదైన వ్యవహారము. 1851లో ఆ కమ్మరి పేదవాడుగనే కన్నుమూసెను.

మోటారు సిద్ధముగా నున్నది. దానికి దిన దినమును ఆహారము పెట్టగల బ్యాటరీ లేదు. ఈ కొరతను 1859లో గాస్టన్ ప్లాంటే అను ఫ్రెంచి శాస్త్రజ్ఞుడు తీర్చెను. సీసపు పలకలను గంధకామ్లములో ముంచి, విద్యుత్తును లోనికి పంపి, తిరిగి కావలసినప్పుడు వెలికి తీయగల బ్యాటరీని ఆయన తయారుచేసెను. నేడు ట్రాక్టరును స్టార్టు చేయునదియు, ఇంటిలో ఇన్వర్టరు క్రింద నుండునదియు సాధారణముగ ఆ సంతతిలోనివే. 1881లో కామిల్ ఫోర్ ఆ పలకలను మెరుగుపరచెను. ఆ సంవత్సరమే గుస్తావ్ త్రూవే పారిస్ వీథిలో విద్యుత్తుతో నడచు మూడు చక్రముల బండిని నడిపెను. కార్ల్ బెంజ్ తన పెట్రోలు బండికి పేటెంటు పొందినది 1886లో. అన్నయెవరో తమ్ముడెవరో ఈ తేదీలే తేల్చుచున్నవి.

ఆ పిమ్మట ఇరువది సంవత్సరములు విద్యుత్ బండికి మంచి కాలము. 1897లో లండను వీథులలో అద్దెకు విద్యుత్ బండ్లు తిరిగినవి. 1899 ఏప్రిల్ 29వ తేదీన బెల్జియం దేశీయుడగు కామిల్ జెనాట్జీ పారిస్ నగర సమీపమున ఒక విద్యుత్ కారును గంటకు 105.88 కిలోమీటర్ల వేగముతో నడిపెను. నూరు కిలోమీటర్ల వేగమును దాటిన మొట్టమొదటి కారు అదియే. 1900లో అమెరికాలో తయారైన 4,192 కార్లలో 1,681 ఆవిరివి, 1,575 విద్యుత్తువి. పెట్రోలువి 936 మాత్రమే.

ఇందుకు కారణము లేకపోలేదు. ఆవిరి కారు కదలవలెనన్న ముందుగ నీరు కాగవలెను. పెట్రోలు కారు కదలవలెనన్న ఎదుట నిలిచి, హ్యాండిలు దూర్చి, బలముకొలది త్రిప్పవలెను. ఈ ప్రాంతములలో పాతకాలపు బస్సులకు అట్లు హ్యాండిలు వేయుట పెద్దలు కొందరు చూచియే యుందురు. ఇంజను ఎదురు తన్నినచో మణికట్టు విరుగుచుండెను. విద్యుత్ కారునకు ఆ బాధ లేదు. మీట త్రిప్పినచో కదలును. వైద్యులును, స్త్రీలును దానినే కోరిరి. పెట్రోలు కారును లోకమంతట వ్యాపింపజేసిన హెన్రీ ఫోర్డుగారి భార్య క్లారా సయితము డెట్రాయిట్ ఎలక్ట్రిక్ అను విద్యుత్ కారునే నడుపుకొనెడిది.

ఇట్టి కారు ఏల ఓడిపోయినది? మూడు దెబ్బలు వరుసగ తగిలినవి.

మొదటి దెబ్బ భూగర్భమునుండి వచ్చినది. 1901 జనవరిలో టెక్సస్ రాష్ట్రమున స్పిండిల్‌టాప్ అను చోట చమురు ఎగజిమ్మినది. ఆ తరువాత అమెరికాలో చమురునకు కొరత లేదు. రెండవ దెబ్బ ధరది. 1908లో ఫోర్డు తన మోడల్ టి కారును వెలువరించెను. 1913లో సాగుచుండు వరుసమీద కార్లను కూర్చు పద్ధతిని ప్రవేశపెట్టెను. 1912 ప్రాంతమున విద్యుత్ కారు వెల 1,750 డాలర్లుండగా పెట్రోలు కారు 650 డాలర్లకు దొరకుచుండెను. మూడవ దెబ్బ స్వజనునినుండియే వచ్చినది. చార్లెస్ కెటరింగ్ అను ఇంజనీరు చిన్న బ్యాటరీని, చిన్న విద్యుత్ మోటారును పెట్రోలు కారులోనే అమర్చి, హ్యాండిలు త్రిప్పు పనిని వానికి అప్పగించెను. 1912 నాటి కాడిలాక్ కార్లలో ఆ స్టార్టరు వచ్చినది. ఇంటిగుట్టు లంకకు చేటు అన్నట్లు, విద్యుత్ కారును ఓడించుటకు పెట్రోలు కారు విద్యుత్తునే తోడు తెచ్చుకొన్నది.

అయితే ఈ మూడింటికిని వెనుక మరొక కారణము కలదు. దానిని చరిత్రకారులు చెప్పుదురు గాని, వినువారు తరచుగ మరచిపోవుదురు. ఆనాటి విద్యుత్ కారు పట్టణపు పౌరుడు. పట్టణమున చదునైన వీథులుండెను. గోడలో కరెంటు ఉండెను. పోవలసిన దూరము కొద్దిది. ఊరి పొలిమేర దాటగనే తీగ లేదు. పెట్రోలు అట్లు కాదు. దానిని డబ్బాలో పోసి ఏ పల్లెటూరి కొట్టులోనైనను, కిరసనాయిలు ప్రక్కన పెట్టి అమ్మవచ్చును. 1930 ప్రాంతమునకు కూడ అమెరికాలో పదిమంది రైతులలో సుమారు ఒకని యింటిలో మాత్రమే విద్యుత్తు ఉండెను. పల్లెలకు తీగలు చేర్చుటకై రూజ్వెల్టు అధ్యక్షుడు ప్రత్యేక సంస్థను స్థాపించినది 1935లో. అప్పటికే పందెము ముగిసినది. రైతు కారు కొనదలచినప్పుడు కొనదగినది ఒక్కటే, అది పెట్రోలు కారు. విద్యుత్ కారు మోటారు చెడి ఓడలేదు. ఊరి పొలిమేరవద్ద ఓడినది. ఏ వస్తువైనను పల్లెకు చేరలేనిచో ఎంత గొప్పదైనను నిలువదనుటకు ఇంతకంటె నిదర్శనము అక్కరలేదు.

అజ్ఞాతవాసములో నున్నను అది పూర్తిగ నశింపలేదు. ఇంగ్లండులో తెల్లవారుజామున ఇల్లిల్లు తిరిగి పాలసీసాలు పంచు బండ్లు చిరకాలము విద్యుత్ బండ్లే. రెండవ ప్రపంచయుద్ధ కాలమున పెట్రోలు దొరకక మన దేశమున బొగ్గు బస్సులు నడచిన సంగతి పెద్దలెరిగినదే. యుద్ధానంతరము జపానులో అట్టి కరవే రాగా, 1947లో టామా అను విద్యుత్ కారును తయారుచేసిరి. ఒక్క చార్జితో అది 96 కిలోమీటర్లు పోయెడిది. 1971లో అపోలో 15 యాత్రికులు చంద్రునిపై తోలిన బండియు విద్యుత్ బండియే. గాలి లేనిచోట పెట్రోలు మండదు గదా! 1973లో చమురు ధర పెరిగినప్పుడెల్ల విద్యుత్ కారు జ్ఞాపకము వచ్చినది. ధర తగ్గగనే మరపు వచ్చినది. 1996లో అమెరికాలో జనరల్ మోటార్సు వారు ఈవీ1 అను కారును అద్దెకిచ్చి, 2003 నాటికి తిరిగి తీసికొని చాలభాగమును నుగ్గుచేసిరి. కొన్ని మాత్రము ప్రదర్శనశాలలకు చేరినవి.

ఇన్ని ప్రయత్నములు వ్యర్థమగుటకు మూలకారణము బరువు. దీనిని కరెంటు బిల్లులోని యూనిట్ల లెక్కతో చెప్పిన సులువుగ నుండును. ఒక లీటరు పెట్రోలులో సుమారు 9 యూనిట్ల శక్తి కలదు; ఆ లీటరు బరువు ముప్పాతిక కిలో. ఇంజను అందులో ముప్పాతిక భాగమును వేడిగ వృథాచేసినను, రెండు యూనిట్లకు పైగా చక్రమునకు చేరును. సీసపు బ్యాటరీలో ఒక్క యూనిట్ దాచవలెనన్న సుమారు 30 కిలోల బరువు కావలెను. అనగా కారు ప్రయాణికులను మోయుటకంటె తన బ్యాటరీని తాను మోయుటకే ఎక్కువ శ్రమపడుచుండెను.

ఆ బరువును దింపినవారు ముగ్గురు. 1970 తరువాతి సంవత్సరములలో స్టాన్లీ విటింగ్‌హామ్ లిథియం అను మిక్కిలి తేలికయైన లోహముతో బ్యాటరీ చేయవచ్చునని చూపెను. 1980లో జాన్ గుడెనఫ్ దాని బలమును హెచ్చించెను. 1985లో జపానుకు చెందిన అకిరా యోషినో దానిని అపాయము తక్కువగ నుండునట్లు తీర్చిదిద్దెను. 1991లో అది విపణికి వచ్చినది. మొదట చిన్న కెమెరాలకు, పిమ్మట చేతిలోని ఫోనునకు, తుదకు కారునకు ఎక్కినది. ఒక యూనిట్ దాచుటకు ఇపుడు 6, 7 కిలోలు చాలును. ఆ ముగ్గురికిని 2019లో రసాయనశాస్త్రమున నోబెల్ బహుమానము లభించెను. అప్పటికి గుడెనఫ్ గారి వయస్సు 97 సంవత్సరములు. 2008లో టెస్లా వారి రోడ్‌స్టర్, 2010లో నిస్సాన్ వారి లీఫ్ వెలువడినవి. 2010 నుండి 2023 లోపల ఇట్టి బ్యాటరీల ధర నూటికి సుమారు తొంబది పాళ్లు తగ్గినది. 2024లో లోకమంతట అమ్ముడుపోయిన కొత్త కార్లలో అయిదింట ఒకటికి మించి చార్జి చేయు కార్లే. నార్వే దేశమున పదింట తొమ్మిదికి దగ్గరగా విద్యుత్ కార్లే.

మన దేశము ఈ విషయమున ఆలస్యముగ మేల్కొన్నదని చెప్పరాదు. బెంగుళూరులో 2001లోనే రేవా అను చిన్న విద్యుత్ కారు వెలువడి, లండను వీథులలో సయితము తిరిగినది. తెలుగు నేలపై తెలంగాణ ఆర్టీసీ వారు 2019లో హైదరాబాదునుండి శంషాబాదు విమానాశ్రయమునకు విద్యుత్ బస్సులు నడుప నారంభించిరి. 2022లో ఆంధ్రప్రదేశ్ ఆర్టీసీ విద్యుత్ బస్సులు తిరుమల కొండ నెక్కినవి. కొండదారిలో ఈ బస్సునకు గల విశేష మొకటి గమనింపదగినది. పెట్రోలు, డీజిలు బండ్లు దిగునప్పుడు బ్రేకులు వేడెక్కి ఆ శక్తి యంతయు గాలిలో కలసిపోవును. విద్యుత్ బస్సు దిగునప్పుడు మోటారే జనరేటరగును. ఎక్కుటకు వెచ్చించిన శక్తిలో కొంత తిరిగి బ్యాటరీకి చేరును.

ఇక మూడవ ప్రశ్న మిగిలినది. ఈమారు నిలుచునా?

నూరేండ్లనాడు లేనిది నేడున్నది. స్వాతంత్ర్యము వచ్చిన 1947లో విద్యుత్తు గల గ్రామములు మన దేశమున సుమారు 1,500 మాత్రమే. 2018 ఏప్రిల్‌లో ప్రజలు నివసించు గ్రామములన్నిటికిని తీగ చేరినదని ప్రభుత్వము ప్రకటించినది. పొలిమేరవద్ద ఆగిన బండికి ఇపుడు దారి తెరచుకొన్నది. అయితే తీగ యుండుట వేరు, తీగలో తగినంత కరెంటు వేళకు ఉండుట వేరు. రైతులకు ఈ భేదమును వేరుగ చెప్పనక్కరలేదు.

లెక్క చూడవలెను. విద్యుత్ స్కూటరునకు మూడు యూనిట్లు చాలును. ఒక ఫ్యాను నలుబది గంటలు తిరిగినంత. దానిని ఏ యిల్లయినను భరింపగలదు. చిన్న కారు బ్యాటరీకి 30 యూనిట్లు పట్టును. ఒక్కొక్క యూనిట్‌కు 6, 7 కిలోమీటర్లు పోవును. దానిని నింపుట పొలములో 5 హార్స్ పవర్ మోటారును ఎనిమిది గంటలు నడుపుటతో సమానము. ఊరిలో ఇరువది మంది కార్లు కొని, రాత్రి ఎనిమిదింటికి ఇండ్లకు వచ్చి ఒక్కసారిగ తీగ తగిలించిరేని, ఊరి ట్రాన్స్‌ఫార్మరుమీద ఇరువది మోటార్లు కొత్తగ కూర్చున్నట్లే. ట్రాన్స్‌ఫార్మరు కాలినచో చీకటి కారున్నవానికి మాత్రమే కాదు, కారు లేనివానికిని సమానమే. కనుక కార్లు వచ్చుటకు ముందే ట్రాన్స్‌ఫార్మర్లును, తీగలును బలపడవలెనని గ్రామము అడుగవలెను. పంచాయతీ, పాఠశాల, గ్రంథాలయము వంటి భవనములపై సౌరఫలకములు పెట్టి మధ్యాహ్నవేళ ఆటోలకు చార్జి పెట్టుట ఒక మార్గము. పెట్రోలును ఊరు తయారుచేసికొనలేదు. ఎండ మాత్రము ఊరిదే.

విద్యుత్ కారును వెనుకాముందు చూడక పొగడుట కూడ తగదు. మన దేశమున విద్యుత్తులో నూటికి డెబ్బది పాళ్లకు పైగా ఇంకను బొగ్గునుండియే వచ్చుచున్నది. బండినుండి పోయిన పొగ కొంత విద్యుత్కేంద్రపు పొగగొట్టమునకు చేరుచున్నది. మోటారు శక్తిని వృథాచేయుట తక్కువ గనుక మొత్తము మీద మేలే. ఎండ, గాలుల పాలు పెరిగినకొలది ఆ మేలు పెరుగును. లిథియం ఆస్ట్రేలియా, చిలీ మొదలగు దేశములనుండియు, కోబాల్టు ముఖ్యముగ కాంగో దేశపు గనులనుండియు రావలెను. ఆ గనులలో చిన్నపిల్లలు సయితము పనిచేయుచున్నారను ఆవేదన లోకమున వినవచ్చుచున్నది. కోబాల్టు అక్కరలేని ఇనుప ఫాస్ఫేటు బ్యాటరీలు ఇపుడు విరివిగ వచ్చుచున్నవి. ఉప్పులోని సోడియముతో చేయు బ్యాటరీలు తొలి అడుగులు వేయుచున్నవి. 2022 వేసవిలో మన దేశమున కొన్ని విద్యుత్ స్కూటర్లు అంటుకొని మనుష్యులు మరణించిన సంగతియు మరువరాదు. బండితో వచ్చిన చార్జరునే వాడుట, పడుకొను గదిలో చార్జి పెట్టకుండుట, ఉబ్బిన బ్యాటరీని తాకక దూరముగ నుంచుట అందరును పాటింపవలసిన నియమములు.

జీవనోపాధి సంగతి వీనియన్నిటికంటె దగ్గరిది. పెట్రోలు ఇంజనులో పిస్టనులు, వాల్వులు, గేర్లు మొదలుకొని కదలుచుండు భాగములు వందలకొలది. విద్యుత్ మోటారులో తిరుగునది ముఖ్యముగ ఒక్క ఇరుసు. యజమానికి ఇది లాభము. కూడలిలో షెడ్డు వేసికొని ఇంజనులు బాగుచేయు మెకానిక్కునకు ఇది దిగులు. ఆయన చేతిలోని నేర్పు ఒక తరము శ్రమ. పొలము మోటారునకు తీగ చుట్టుట నేర్చినవాడు కొంత ముందడుగులో నున్నాడు; తక్కినవారు బ్యాటరీ స్వభావమును, కంట్రోలరు పనిని కొత్తగ నేర్వవలెను. నేర్పువారు లేనిచో బండి చెడినప్పుడెల్ల పట్టణమునకు మోసికొని పోవలసి వచ్చును; మరల నూరేండ్లనాటి పొలిమేరయే అడ్డుపడును.

ఇచటనే ఈ సభకును ఈ విషయమునకును గల సంబంధము కనిపించుచున్నది. విద్యుత్ కారును పొలిమేర దాటించునది తీగ యొక్కటియే కాదు, తెలివి కూడ. ఇరువదియైదు సంవత్సరములుగ గ్రంథాలయము చేయుచున్న పని అదియే గదా! పట్టణమున నిలిచిపోవు విద్యను పల్లె గుమ్మమువరకు తెచ్చుట. బ్యాటరీలను గూర్చి, మోటారులను గూర్చి, సౌరశక్తిని గూర్చి తేటతెలుగున వ్రాసిన పుస్తకములు నాలుగు ఈ బీరువాలలో చేరి, షెడ్డులో పని నేర్చు కుర్రవాడు సాయంకాలము వచ్చి వానిని విప్పి చూచిననాడు, ఆ బండి నిజముగ ఊరికి చేరినట్లు లెక్క. బ్రాండన్ గ్రామపు కమ్మరికి నేర్పు కలదు, పట్టుదల కలదు. తోడు నిలువగల కాలము లేదు. ఈ ఊరి కుర్రవానికి కాలము తోడున్నది. పుస్తకము కూడ తోడుండునట్లు చూచుట పెద్దల పని, సభ్యుల పని, రాబోవు ఇరువదియైదేండ్లలో ఈ గ్రంథాలయముయొక్క పని.